తమ్ముడు తెస్తానంటున్న రెండు ముక్కల కీబోర్డు

ప్రశ్న: మాది హనుమకొండ. ఇంటి నుంచే అనువాదం పని చేస్తాను. చదువుకునే రోజుల్లో ఇన్‌స్టిట్యూట్‌కు పోయి టైపు హయ్యర్ పాసయ్యాను. ఇంగ్లీషూ, తెలుగు ఇన్‌స్క్రిప్టూ (ఏ కీకి ఏ తెలుగు అక్షరమో చెప్పే అమరిక) రెండూ చూడకుండా కొడతాను. రోజుకు ఏడెనిమిది గంటలు కీబోర్డు మీదే గడుస్తుంది. ఏడాదిగా కుడి మణికట్టు బయటి వైపు నొస్తోంది, సాయంత్రానికి చిటికెన వేలు గుంజుతోంది. ఒక్కోసారి రాత్రిపూట తిమ్మిరి కూడా. అమెరికాలో ఉన్న తమ్ముడు దసరాకు వస్తూ మూన్‌ల్యాండర్ అనే రెండు ముక్కల మెకానికల్ కీబోర్డు, అంటే ప్రతి కీ కింద విడి స్విచ్ ఉండేది, తెస్తానంటున్నాడు. 365 డాలర్లట. మా ఆయనేమో ‘గిన్ని పైసలు వెట్టి కీబోర్డా, గా పైసలకు ఫ్రిజ్ వస్తది’ అంటున్నారు. పైగా వారానికి ఒక రోజు మడికొండ ఐటీ పార్కులో ఒక ఆఫీసుకు పోయి వాళ్ళ కంప్యూటర్ మీదే పని చేయాలి. ఈ కొత్త కీబోర్డుకు అలవాటు పడితే అక్కడ వేళ్ళు తడబడవా? నిజంగా నొప్పి తగ్గుతుందా? కొనాలా, వద్దా?
— ఒక అనువాదకురాలు, హనుమకొండ

సమాధానం: కొనవచ్చమ్మా. కానీ తమ్ముడికి ఇప్పుడే ఆర్డర్ పెట్టమని చెప్పకండి. నొప్పి ఎక్కడుందో మీరు చాలా స్పష్టంగా రాశారు. దాన్ని బట్టి చూస్తే మీ అసలు అవసరం కీబోర్డు రెండు ముక్కలు కావడం కాదు, మీ కుడి చిటికెన వేలి మీద పడుతున్న పనిలో కొంత బొటనవేళ్ళకు మారడం. ఆ పని చేసిపెట్టే కీబోర్డు అయితేనే అంత డబ్బు పెట్టడానికి అర్థం ఉంటుంది. అది మీకు పనికొస్తుందో లేదో పైసా ఖర్చు లేకుండా ఇవాళే కొంతవరకు తేల్చుకోవచ్చు.

దానికంటే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. తిమ్మిరి ఏ వేళ్ళకు వస్తోందో కొన్ని రాత్రులు గమనించి కాగితం మీద రాసుకోండి. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు తిమ్మిరెక్కుతుంటే మణికట్టు దగ్గర మీడియన్ నరం ఒత్తిడికి గురవుతోందేమో చూడాలి. కార్పల్ టన్నెల్ అంటారే, అది ఇదే. చిటికెన వేలు, దాని పక్కనున్న ఉంగరపు వేలు అయితే అల్నార్ నరం. అది ఎక్కువగా మోచేయి దగ్గర నొక్కుకుంటుంది. మోచేతిని గంటల తరబడి టేబుల్ అంచుకు ఆనించి కూర్చున్నా, రాత్రి చేయి పూర్తిగా మడుచుకుని పడుకున్నా ఆ తిమ్మిరి వస్తుంది. థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్ళకు, షుగర్ ఉన్నవాళ్ళకు నరాల బాధ ఎక్కువ కాబట్టి డాక్టర్ ఆ రక్తపరీక్షలు కూడా రాయవచ్చు. అవసరమైతే నరాల పరీక్ష చేయిస్తారు. ఎంజీఎం ఆసుపత్రి అయినా సరే, మీకు తెలిసిన ఎముకల డాక్టర్ అయినా సరే, ఈ నెలలోనే చూపించుకోండి. చేతిలో పట్టు తగ్గి గ్లాసు జారిపోతున్నా, పగలు కూడా తిమ్మిరి వదలకపోయినా నెల కూడా ఆగవద్దు. కీబోర్డు మందు కాదు. చేతిని ఏ కోణంలో ఉంచుతున్నాం, ఏ వేలితో ఎంత పని చేయిస్తున్నాం అన్నది మాత్రమే అది మార్చగలదు. నొప్పికి కారణం అక్కడుంటే ఉపశమనం వస్తుంది, ఇంకెక్కడో ఉంటే రాదు.

ఇప్పుడు మీ చిటికెన వేలి సంగతి. మీరు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చినవారు కాబట్టి ప్రతి కీని దానికి చెప్పిన వేలితోనే కొడతారు. అది మంచి అలవాటే, కానీ తెలుగు ఇన్‌స్క్రిప్టులో దాని బరువు ఎక్కడ పడుతుందో చూడండి. 1991లో భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 13194లో చేర్చిన ఈ లేఅవుట్ అచ్చులనూ గుణింతాలనూ ఎడమ చేతికి, హల్లుల్లో ఎక్కువ వాటిని కుడి చేతికి పంచింది. వినడానికి న్యాయంగా ఉంటుంది. కానీ సెమీకోలన్ కీ మీద చ, దాని పక్కన కొటేషన్ కీ మీద ట, పై వరసలో పి మీద జ, ఇంకా పక్కన స్క్వేర్ బ్రాకెట్ మీద డ, కింది వరసలో స్లాష్ మీద య. ఈ ఐదూ కుడి చిటికెన వేలివే. పదం మొదట వచ్చే అ, ఆ, ఇ, ఈ, ఉ, ఎ లాంటి అచ్చులన్నీ ఎడమ చేతి కీలే, కానీ షిఫ్ట్‌తో వస్తాయి. ఎడమ చేతి కీకి కుడి షిఫ్ట్ నొక్కాలని కదా మనకు నేర్పింది. అంటే మళ్ళీ కుడి చిటికెన వేలే. బ్యాక్‌స్పేస్ దానిదే, ఎంటర్ కూడా దానిదే.

‘ఇచ్చాడు’ అన్న పదం కొట్టి చూడండి. షిఫ్ట్, ఇ, చ, పొల్లు, చ, దీర్ఘం, డ, కొమ్ము. ఎనిమిది నొక్కుళ్ళలో నాలుగు కుడి చిటికెన వేలివి. వాక్యం చివర ఇచ్చాడు, వచ్చాడు, చెప్పాడు అనకుండా తెలుగులో ఒక పేజీ గడవదు. అదే పని ఇంగ్లీషులో చేసేటప్పుడు ఆ వేలికి అక్షరాల్లో ఒక్క పి, మిగతావి సెమీకోలన్, కొటేషన్ లాంటి గుర్తులే. డ కోసం, బ్యాక్‌స్పేస్ కోసం చాపిన ప్రతిసారీ మణికట్టు చిటికెన వేలి వైపుకు వంగుతుంది. మీరు నొప్పి అని రాసిన చోటు సరిగ్గా అదే. మీకు తెలుగు పని ఎక్కువున్న రోజుల్లో సాయంత్రం బాధ ఎక్కువా, ఇంగ్లీషు పని రోజుల్లో తక్కువా? ఒక పక్షం రోజులు గమనించండి. తేడా కనబడితే ఇక నేను చెప్పే మిగతాదంతా మీ కోసమే.

ఉచితంగా చేసుకోగల పరీక్షలు రెండున్నాయి. విండోస్‌లో షిఫ్ట్ కీని వరసగా ఐదుసార్లు నొక్కితే స్టికీ కీస్ కావాలా అని అడుగుతుంది, అవునని చెప్పండి. ఇక షిఫ్ట్‌ను పట్టుకుని ఉండనవసరం లేదు. ఒకసారి తట్టి వదిలేస్తే తర్వాత కొట్టే అక్షరానికి అది వర్తిస్తుంది. ఒక వేలు షిఫ్ట్‌ను అదిమి పట్టి ఉండగా ఇంకో వేలు చాపడం అనే గుంజులాట పోతుంది. రెండోది, మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లో కీబోర్డ్ మేనేజర్ ఉంటుంది. దానితో క్యాప్స్ లాక్‌ను బ్యాక్‌స్పేస్‌గా మార్చండి. తెలుగు కొట్టేవాళ్ళకు క్యాప్స్ లాక్‌తో పనేముంది! ఈ రెండింటితో నాలుగు వారాలు పని చేసి చూడండి. కొద్దిగా తేడా తెలిసినా బొటనవేలి కీలున్న కీబోర్డు మీకు ఇంకా ఎక్కువ మేలు చేస్తుందని నమ్మవచ్చు.

కూర్చునే తీరు కూడా చూసుకోవాలి. మన ఇళ్ళల్లో రాసుకునే టేబుళ్ళు, డైనింగ్ టేబుళ్ళు ఇంచుమించు 75 సెంటీమీటర్ల ఎత్తుంటాయి. ఐదడుగుల పైన ఒకటి రెండు అంగుళాల మనిషికి అది ఎక్కువ. భుజాలు పైకి లేస్తాయి, మణికట్టు వెనక్కి విరుగుతుంది. టేబుల్ కోయించలేం కాబట్టి కుర్చీని ఎత్తు చేసి, పాదాల కింద పీట వేసుకోండి. మోచేయి ఒంటికి దగ్గరగా వేలాడుతూ ముంజేయి నేలకు సమాంతరంగా రావాలి. కీబోర్డు వెనకాల ఉండే మడత కాళ్ళు తెరవకండి. అవి కీబోర్డును మన వైపుకు వాలుగా లేపి మణికట్టును ఇంకా విరుస్తాయి. మంచం మీద కూర్చుని ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని పని చేసే అలవాటు ఉంటే మాత్రం ఎంత ఖరీదైన కీబోర్డు కొన్నా ప్రయోజనం ఉండదు. ఆ అలవాటు ముందు మానాలి.

ఇక రెండు ముక్కల సంగతి. మామూలు కీబోర్డు మీద రెండు చేతులూ ఛాతీ ముందుకు దగ్గరగా రావాలి, అరచేతులు కిందికి తిరగాలి, మణికట్లు బయటికి వంగాలి. కీబోర్డును రెండుగా విడదీసి భుజాల వెడల్పున పెడితే మణికట్టు ముంజేతితో తిన్నగా ఉంటుంది. లోపలి అంచులను కొంచెం ఎత్తి పెడితే, దీన్నే టెంటింగ్ అంటారు, అరచేయి కరచాలనానికి చాపినట్టు పక్కకు తిరిగి ముంజేతి కండరాలు వదులవుతాయి. ఇది మీకు నప్పుతుందో లేదో ముప్పై వేలు పెట్టి తెలుసుకోనవసరం లేదు. నంబర్ ప్యాడ్ లేని మామూలు యూఎస్‌బీ కీబోర్డులు రెండు, ఇంట్లో ఒకటుంటే ఇంకొకటి, ఒకే కంప్యూటర్‌కు పెట్టండి. ఎడమ చేయి ఒకదాని మీద, కుడి చేయి ఇంకోదాని మీద. విండోస్‌లో ఒక కీబోర్డు మీది షిఫ్ట్ రెండో కీబోర్డు మీది అక్షరానికి కూడా పని చేస్తుంది, తెలుగు లేఅవుట్ కూడా రెండింటికీ ఒకటే ఉంటుంది. మ్యాక్‌లో మాత్రం షిఫ్ట్ అలా కలవదు. నిజమైన రెండు ముక్కల దానికంటే చేతులు కాస్త దూరమవుతాయి, అయినా తేడా తెలిసిపోతుంది. హార్డ్‌వేర్ దుకాణంలో తలుపు కొట్టుకోకుండా పెట్టే రబ్బరు ముక్కలు దొరుకుతాయి. వాటిని లోపలి అంచుల కింద తోస్తే టెంటింగ్ కూడా చూసినట్టే. వారం పది రోజులు ఇలా పని చేశాక మణికట్టు హాయిగా ఉందనిపిస్తే మీ వారికి చూపించండి. ఆయన అడిగిన ప్రశ్న సరైనదే, దానికి జవాబు మీ చేయే చెప్పాలి.

మూన్‌ల్యాండర్ గురించి నా అభిప్రాయం చెబుతాను. జెడ్ఎస్ఏ అనే కంపెనీ దాన్ని 2020లో తెచ్చింది. మొత్తం 72 కీలు, ఎత్తి పెట్టుకోవడానికి కాళ్ళు, విప్పి మార్చుకోగల స్విచ్‌లు, బొటనవేళ్ళ కోసం రెండు వైపులా ప్రత్యేకంగా కీల గుంపులు. మంచి వస్తువు. తెలుగు కొట్టేవాళ్ళకు ఆ 72 అన్న అంకె చాలా ముఖ్యం. ఈ రెండు ముక్కల లోకంలో తక్కువ కీలుంటే గొప్ప అనే ధోరణి ఒకటుంది. కార్నె అనే ప్రసిద్ధ డిజైన్‌లో 42 కీలే. అంకెల వరస ఉండదు, స్క్వేర్ బ్రాకెట్ ఉండదు, పై ఎడమ మూలనుండే గ్రేవ్ కీ ఉండదు. ఇంగ్లీషు రాసేవాళ్ళు ఆ గుర్తులను లేయర్లలో, అంటే ఇంకో కీ నొక్కితేనే బయటికి వచ్చే రెండో అరలో, దాచుకుంటారు. వాళ్ళకు అవి అరుదు. మనకు బ్రాకెట్ అంటే డ, ఢ. గ్రేవ్ అంటే ఒ, దాని గుణింతం. ‘కొడుకు’ అన్న మూడక్షరాల పదానికి రెండుసార్లు లేయర్ మార్చాలంటే ఎవరికైనా ప్రాణం విసుగుతుంది. కాబట్టి ఎవరు ఎంత ముచ్చటగా చెప్పినా 58 కీలకు తక్కువ ఉన్నది మీరు కొనవద్దు. లిలీ58, సోఫిల్ లాంటివి ఆ అంకె దగ్గర ఉంటాయి, కానీ అవి ఎక్కువగా విడిభాగాల కిట్లుగా వస్తాయి, టంకం పని తెలిసినవాళ్ళకే. 52 కీల వాయేజర్ కూడా జెడ్ఎస్ఏదే. చూడటానికి సన్నగా, అందంగా ఉంటుంది, మీ తమ్ముడు దాన్ని కూడా చూపించవచ్చు. మీకు వద్దు.

మూన్‌ల్యాండర్‌తో నాకున్న సందేహం దాని బొటనవేలి కీల మీద. చిన్న చేతులవాళ్ళకు వాటిలో దూరంగా ఉన్నవి అందవు. బొటనవేలిని రోజంతా చాపితే దాని మొదట్లో కొత్త నొప్పి మొదలవుతుంది. చిటికెన వేలి బాధ తీసుకెళ్ళి బొటనవేలికి అంటగట్టడం మనకు వద్దు. అందుకని కీబోర్డు నమూనా కాగితం ఒకటి నెట్ నుంచి దించుకుని, జిరాక్స్ సెంటర్‌లో నూటికి నూరు శాతం సైజులో ప్రింటు తీయించండి. పేజీకి సరిపోయేలా తగ్గించే సెట్టింగ్ తీసేయమని గట్టిగా చెప్పండి. ప్రింటు వచ్చాక స్కేలు పెట్టి పక్కపక్క రెండు కీల మధ్య దూరం కొలవండి, ఇంచుమించు 19 మిల్లీమీటర్లు రావాలి. దాని మీద చేయి పెట్టి, వేళ్ళు తమ వరసలో ఉండగానే బొటనవేలు ఎన్ని కీలకు సులువుగా ఆనుతుందో చూడండి. రెండు అందితే చాలు, మీకు అంతకన్నా అవసరం లేదు. ఒక్కటే అందితే మూన్‌ల్యాండర్ వద్దని తమ్ముడికి చెప్పండి.

అలా వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. మూన్‌ల్యాండర్‌లో కీలు నిలువు వరసల్లో ఉంటాయి. మన మామూలు కీబోర్డుల్లో వరసలు పక్కకు జరిగి ఉంటాయి కదా, అది 1874లో అమ్మకానికి వచ్చిన షోల్స్ గ్లిడెన్ టైపురైటర్ నాటి ఏర్పాటు. కీల కిందినుంచి పోయే ఇనుప కడ్డీలు ఒకదానికొకటి తగలకుండా అలా జరిపారు. కడ్డీలు పోయాయి, జరుగుడు మిగిలింది. నిలువు వరసలు వేళ్ళకు సహజం, నిజమే. కానీ ఇన్నేళ్ళ మీ వేళ్ళ జ్ఞాపకం పాత ఏర్పాటుదే. పాత ఏర్పాటునే ఉంచి మధ్యలో విడగొట్టినవి కూడా ఉన్నాయి. కీక్రాన్ క్యూ11 అలాంటిది, కినీసిస్ ఫ్రీస్టైల్ ప్రో ఇంకొకటి. క్యూ11లో స్పేస్‌బార్ కూడా రెండు ముక్కలు, అందులో ఎడమ ముక్కను షిఫ్ట్‌గానో బ్యాక్‌స్పేస్‌గానో మార్చుకోవచ్చు. అల్యూమినియంతో చేసింది కాబట్టి బాగా బరువు, ఎత్తి పెట్టే కాళ్ళు కూడా రావు. మడికొండ ఆఫీసు రోజు గురించి మీకు బెంగ ఎక్కువైతే ఈ రకమే నయం.

ఆ బెంగ సంగతి కూడా చెబుతాను. నిలువు వరసలకు అలవాటైనవాళ్ళు మొదటి నెలలో మామూలు కీబోర్డు మీద తడబడతారు, ముఖ్యంగా కింది వరసలో. మీరు వారానికి ఒక రోజు పాతదాని మీద ఎలాగూ కొడతారు కాబట్టి ఆ జ్ఞాపకం చెరిగిపోదు. రెండూ వాడుతూ ఉంటే చేయి దేనికది గుర్తు పడుతుంది. పూర్తిగా మానేసి ఆరు నెలల తర్వాత పాతదాని దగ్గరికి వెళ్ళినవాళ్ళకే ఇబ్బంది. అక్కడ సీటు దగ్గర అనుమతి ఉంటే మీదే పట్టుకెళ్ళవచ్చు. వైరున్న కీబోర్డు ఏ కంప్యూటర్‌కు పెట్టినా మామూలు కీబోర్డుగానే పని చేస్తుంది, ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించనక్కర లేదు. మీరు ఇంట్లో చేసుకున్న మార్పులన్నీ కీబోర్డులోనే ఉంటాయి.

ఆ మార్పులు ఎలా చేయాలో ఇప్పుడు చెబుతాను, అసలు మేలంతా ఇందులోనే ఉంది. కీబోర్డు కంప్యూటర్‌కు అక్షరాన్ని పంపదు, ఫలానా కీ నొక్కారని ఒక అంకె పంపుతుంది. దాన్ని ‘డ’ చేయాలా, బ్రాకెట్ చేయాలా అన్నది విండోస్ చూసుకుంటుంది. అందువల్ల తెలుగు అక్షరాలు ముద్రించిన కీబోర్డు కోసం వెతకనక్కర లేదు. స్క్వేర్ బ్రాకెట్ కీని మీరు ఎక్కడికి మారిస్తే డ కూడా అక్కడికి వస్తుంది. మూన్‌ల్యాండర్‌కు ఓరిక్స్ అనే వెబ్‌సైట్‌లో, కీక్రాన్ లాంటి వాటికి వయా అనే దానిలో ఏ కీ ఏం చేయాలో బొమ్మ మీద నొక్కి ఎంచుకోవచ్చు. ప్రోగ్రామింగ్ రానక్కర లేదు.

మీరు ముందు మార్చాల్సినవి మూడే. ఇన్‌స్టిట్యూట్‌లో స్పేస్ కుడి బొటనవేలితో కొట్టమని నేర్పారు కాబట్టి మీ ఎడమ బొటనవేలు ఇన్నేళ్ళుగా ఖాళీగా ఉంది. దానికి దగ్గరి కీని వన్ షాట్ షిఫ్ట్ చేయండి. స్టికీ కీస్ లాగే తట్టి వదిలితే తర్వాతి అక్షరానికి వర్తిస్తుంది. దాని పక్క కీ బ్యాక్‌స్పేస్. కుడి బొటనవేలికి స్పేస్ ఉండనే ఉంది, దాని పక్కన ఎంటర్. అంతే, ఇక ఏమీ ముట్టుకోకండి. అచ్చులకూ, ఒత్తు హల్లులకూ, శ ష ళ ణ లకూ కావాల్సిన షిఫ్ట్ మొత్తం ఒక్కసారిగా చిటికెన వేళ్ళ మీదినుంచి దిగిపోతుంది. డ ని కూడా దగ్గరికి తెచ్చుకోవచ్చు, మూన్‌ల్యాండర్ మధ్యలో చూపుడు వేలికి అందే అదనపు కీలున్నాయి. కానీ అది రెండో నెలలో చేయండి. అన్నీ ఒక్కరోజే మారిస్తే ఏ మార్పు మేలు చేసిందో, ఏది కీడు చేసిందో తెలియకుండా పోతుంది.

ఒక హెచ్చరిక. ఇంగ్లీషువాళ్ళ సలహాల్లో ‘హోమ్ రో మాడ్స్’ అని తరచుగా కనబడుతుంది. మధ్య వరసలోని అక్షరాల కీలనే కాసేపు అదిమి ఉంచితే షిఫ్ట్, కంట్రోల్ లాగా పని చేయడం. తెలుగు ఇన్‌స్క్రిప్టులో ఎడమ మధ్య వరస నిండా మనం ఎక్కువగా కొట్టేవే ఉన్నాయి. డి మీద పొల్లు, ఎఫ్ మీద గుడి, జి మీద కొమ్ము. వేగంగా కొట్టేటప్పుడు వేలు ఒక్క క్షణం ఆగితే చాలు, పొల్లు పడాల్సిన చోట ఇంకేదో పడుతుంది. మీకు అది అక్కర లేదు.

స్విచ్‌లకు వస్తే, మన డీటీపీ సెంటర్లలో టకటకమనే టీవీఎస్ గోల్డ్ గుర్తుందా? దానిలోవి చెర్రీ ఎంఎక్స్ బ్లూ స్విచ్‌లు. నొక్కిన ప్రతిసారీ చప్పుడు చేయడానికే తయారైనవి. నాకు ఆ చప్పుడు ఇష్టమే, కానీ రాత్రి పదింటికి ఇంట్లో అందరూ పడుకున్నాక మీరు పని చేయాలి. రెడ్ రకం తీసుకోండి, నొక్కడానికి సుమారు 45 గ్రాముల బలం చాలు, మధ్యలో అడ్డు తగలదు. నొప్పి ఉన్న వేళ్ళకు ఇది ముఖ్యం. ఇంకా నిశ్శబ్దం కావాలంటే లోపల రబ్బరు పెట్టిన సైలెంట్ స్విచ్‌లు దొరుకుతాయి. మెకానికల్ స్విచ్ కీ సగం దూరం దిగగానే పని చేస్తుంది. అడుగు దాకా గుద్దనక్కర లేదు, ఆ అలవాటు నిదానంగా మాన్పించుకోవాలి. మన దగ్గర దుకాణాల్లో ‘మెకానికల్ ఫీల్’ అని రాసి అమ్మేవి చాలావరకు లోపల రబ్బరు పొరవే. వాటికి మోసపోవద్దు.

మొదలుపెట్టే సమయం కూడా ఆలోచించండి. గడువు దగ్గరపడ్డ పుస్తకం చేతిలో ఉన్నప్పుడు వద్దు. సద్దుల బతుకమ్మ, దసరా హడావుడి దాటి పని కాస్త పలచబడ్డ వారం చూసుకోండి. వేగం సగానికి పడిపోతుంది, అది అందరికీ అంతే. మొదట రోజుకు గంట, ఏ ఒత్తిడీ లేని పాఠం చూసి కొట్టండి. మిగతా పని పాతదాని మీదే చేసుకోండి. తర్వాత పూట పని, ఆ తర్వాత రోజంతా. వేళ్ళు దారికి రావడానికి చాలామందికి మూడు నాలుగు వారాలు పడుతుంది. వ అక్షరం బి కీ మీద ఉంది. దాన్ని ఎడమ చూపుడు వేలితో కొట్టాలని నేర్పినా చాలామంది కుడి చేత్తో కొట్టేస్తుంటారు. రెండు ముక్కల దానిలో అది ఎడమ వైపే ఉంటుంది, కుడి చేయి గాలిలో వెతుక్కుంటుంది. మీరు ఇన్‌స్టిట్యూట్ పద్ధతి తప్పకపోతే ఆ ఇబ్బంది మీకు ఉండదు.

అనువాదకులకు దీనిలో ఇంకో సుఖం ఉంది, దీన్ని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. రెండు ముక్కల మధ్య ఖాళీలో మూల గ్రంథాన్ని పెట్టుకోవచ్చు. పక్కన పెట్టుకుని మెడ తిప్పి చూసే బాధ పోతుంది. ఒక చిన్న పుస్తకాల స్టాండు ఆ మధ్యలో నిలబెట్టి, వెనకాల తెర ఉంచితే కళ్ళు కొద్దిగా పైకి కిందికి కదిలితే చాలు. మౌస్ కూడా దగ్గరికి వస్తుంది. నంబర్ ప్యాడ్ అవతలికి చేయి చాపనక్కర లేకపోవడం మీ కుడి భుజానికి మేలే.

రెండు ముక్కలను కలిపే వైరు గురించి ఒక జాగ్రత్త. మూన్‌ల్యాండర్ లాంటి వాటిలో ఇయర్‌ఫోన్ పిన్ను లాంటి జాక్ ఉంటుంది. కంప్యూటర్‌కు యూఎస్‌బీ పెట్టి ఉండగా ఆ వైరు పీకడం, పెట్టడం చేయకూడదు, లోపల షార్ట్ అయ్యే అవకాశం ఉంది. ముందు యూఎస్‌బీ తీసి, ఆ తర్వాత దాన్ని ముట్టుకోవాలి. ఇంట్లో పిల్లలుంటే వాళ్ళకూ చెప్పండి. వైర్‌లెస్ మోడల్ మోజు వద్దు. మన ఎండాకాలంలో బ్యాటరీల గోల ఎందుకు? పని అయ్యాక పలచటి గుడ్డ కప్పండి, నెలకోసారి మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపండి. దగ్గర్లో తీపి పెట్టుకుని తినకండి, చీమలు దూరితే తీయడం కష్టం. ఒక స్విచ్ పాడైతే మొత్తం కీబోర్డు పోయినట్టు కాదు, హాట్ స్వాప్ రకమైతే, అంటే టంకం లేకుండా స్విచ్‌లు ఊడివచ్చే రకమైతే, చిన్న పట్టకారుతో పీకి కొత్తది పెట్టుకోవచ్చు. పెట్టేటప్పుడు దాని రెండు కాళ్ళు వంగకుండా నిటారుగా నొక్కాలి.

తమ్ముడి చేత తెప్పించుకోవడం మంచిదే. విదేశీ సైట్ నుంచి కొరియర్‌లో నేరుగా తెప్పిస్తే ఆధార్ లాంటి కాగితాలు అడుగుతారు, సుంకం, దానిపైన ఐజీఎస్‌టీ పన్ను, కొరియర్ వాళ్ళ రుసుము కలిసి ధర బాగా పెరుగుతుంది. కానీ తమ్ముడి సామానులో వచ్చిన వస్తువు ఇక్కడ పాడైతే వారంటీ కోసం మళ్ళీ సముద్రం దాటించాలి. అందుకని ఆర్డర్ దసరాకు నెలన్నర ముందే పెట్టించి, వస్తువు రాగానే అక్కడే ప్రతి కీ నొక్కి, రెండు ముక్కలూ కలుస్తున్నాయో లేదో చూడమనండి. విడి స్విచ్‌లు ఓ పది, రెండు ముక్కలను కలిపే వైరు ఇంకొకటి అదనంగా తెమ్మనండి. కీల మీద అక్షరాలు లేని మోడల్ తీసుకోవద్దని కూడా చెప్పండి, మీరు చూడకుండా కొట్టినా పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు, ఇంట్లో ఇంకెవరైనా వాడేటప్పుడు అవి కావాలి.

డాక్టర్ మాట, స్టికీ కీస్‌తో నాలుగు వారాలు, రెండు కీబోర్డులతో పది రోజులు, జిరాక్స్ కాగితం మీద బొటనవేలి కొలత. ఈ నాలుగూ అయ్యాక ఏం తేలిందో నాకు మళ్ళీ రాయండి. తిమ్మిరి ఏ వేళ్ళకు వస్తోందో కూడా తప్పకుండా రాయండి.